ఎందుకమ్మ పెట్టించిన కొక్కెం

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతాల ఆఫీసులో తప్ప అది ఇంకెక్కడా చలామణిలో లేదు. ఆసుపత్రి లాండ్రీలో అందరికీ ఆవిడ ఎందుకమ్మే. విసుగొచ్చినప్పుడు మొగుడు కూడా అలాగే పిలుస్తాడు. ఆయనకు విసుగు తరచుగా వస్తుంది లెండి.

ప్రశ్నలు ఎవరు వెయ్యరు? అందరూ వేస్తారు, జవాబు రాకపోతే తమ దారిన తాము పోతారు. ఈవిడ పోదు. జవాబు దొరికేదాకా వెంటపడుతుంది, దొరికాక అది నిజమో కాదో చూసుకుంటుంది. వార్డుల దుప్పట్లన్నీ తెల్లగా ఉంటే, ఆపరేషన్ గది నుంచి వచ్చే గుడ్డలు మాత్రం ఆకుపచ్చగా ఎందుకుంటాయని ఒకసారి అనుమానం వచ్చింది. లాండ్రీలో ఎవర్నడిగినా "ఉంటాయి, ఉతుకు" అన్నారు. ఊరుకుంటుందా? కారిడార్‌లో పరుగులాంటి నడకతో పోతున్న పెద్ద సర్జన్‌ను ఆపి అడిగేసింది. చూస్తున్న నర్సులకు గుండె ఆగినంత పనైంది. ఆయన మాత్రం గోడకు ఆనుకుని నిలబడి, ఎర్రటి రక్తాన్నే చూసి చూసి తల తిప్పితే తెల్లగుడ్డ మీద పచ్చటి నీడలు ఆడతాయనీ, గుడ్డే పచ్చగా ఉంటే ఆ బెడద ఉండదనీ ఓపిగ్గా చెప్పాడు. ఇన్నేళ్లలో తనను ఈ మాట అడిగిన మనిషి లేదని మురిసిపోయాడు కూడా.

ఆ సాయంత్రం ఎర్ర తువ్వాలు ఎదురుగా వేలాడదీసి, రెప్పవేయకుండా దాన్నే చూస్తూ కూర్చున్న పెళ్లాన్ని చూసి మొగుడు హడలిపోయాడు.

"ఏమైందే నీకు? ఒంట్లో బాగానే ఉందా?"

"ఉండండి, కదిలించకండి. ఇప్పుడు తెల్లగోడ చూడాలి. అబ్బ! నిజమేనండీ, పచ్చగా ఆడుతోంది! మీరూ చూడండి."

ఆయన చూడలేదు. సైకిళ్ల రిపేరు కొట్టు నుంచి అలిసిపోయి వచ్చిన మనిషికి గోడల మీద నీడలతో పనేమిటి?

ఎందుకమ్మను లాండ్రీలో చేర్పించింది ఆవిడ తోడికోడలు, అంటే మొగుడి అన్న భార్య. ఎందుకమ్మ ఆమెను అక్కా అంటుంది. అప్పట్లో అక్క సూపర్‌వైజర్ దగ్గర నిలబడి, "మా చెల్లెలు సార్. నోరు ఆగదు, చేతులూ ఆగవు. రెండూ కలిపి తీసుకోండి" అని సిఫారసు చేసింది. సూపర్‌వైజర్ నవ్వి తీసుకున్నాడు. నవ్వినందుకు తర్వాత బోలెడు జవాబులు చెప్పుకోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

లాండ్రీ నేలకింద అంతస్తులో ఉంది. ఒక చివర ఉతికే పెద్ద పీపాలు, మధ్యలో ఆరబెట్టే యంత్రాలు, ఆ తర్వాత మనిషి పొడవున్న ఇస్త్రీ రోలరు. దిండు గలీబులూ రోగుల గౌన్లూ ఒక్కొక్కరు మడతపెట్టేస్తారు. మంచం దుప్పట్లు మాత్రం పెద్దవి, ఇద్దరు కావాలి. రోలరు నుంచి వేడివేడిగా జారే దుప్పటిని చెరో రెండు మూలలూ పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, బిగలాగి, మడిచి, ఒకరు నడిచివచ్చి రెండోవారి చేతిలోని మూలలు అందుకోవాలి. పెద్ద దుప్పట్ల బల్ల ఒక్కటే. దానికి మొదటినుంచీ తోడికోడళ్లిద్దరే. నడిచేది చెల్లెలు, నిలబడేది అక్క.

ఎందుకలా అని ఎవరైనా అడిగితే, పెద్దది కదా అని ఎందుకమ్మ చెప్పేది. అసలు సంగతి వేరు. మొగుడు పోయిన కొన్నాళ్లకు అక్కకు పక్షవాతం తగిలింది. స్వల్పంగానే తగిలింది, కాలూ మాటా దక్కాయి. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. వేళ్లు ముడుచుకుంటాయి కానీ పట్టు ఉండదు. దుప్పటి మూలను మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుని, మొండిగా నిలబడుతుంది. నడవడం, వంగడం, విదిలించడం అన్నీ చెల్లెలే చేస్తుంది. ఇద్దరూ ఆ మాట ఎక్కడా బయటికి పొక్కనివ్వలేదు. పని చేయలేని చెయ్యి అని తేలితే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే కార్డు ఉండదు.

ఆ కార్డే ప్రాణం. ఆసుపత్రి ఉద్యోగులకిచ్చే వైద్యం కార్డు అది. అది చూపిస్తే అక్కకు నెలనెలా పై అంతస్తులో పరీక్షలు, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు, చేతికి వ్యాయామం అన్నీ ఊరికే జరిగిపోతాయి. ఆ మాత్రలు ఆపితే మళ్లీ తగులుతుందనీ, ఈసారి ఇలా వదిలిపెట్టదనీ డాక్టరమ్మ ముఖం మీదే చెప్పింది. ఎందుకమ్మ కార్డులో తోడికోడలికి చోటు లేదు, దాని మీద ఎందుకమ్మ, షుగరున్న ఆవిడ మొగుడు బతుకుతున్నారు. కొట్టు నడుపుకునే మనిషికి కార్డెవరిస్తారు?

ఇలా ఉండగా ఆరోగ్య సంస్కరణలని కొత్త గొడవొకటి మొదలైంది. సాయంత్రమైతే చాలు, ప్రతి ఇంటి టీవీలోనూ అదే గోల. ఆసుపత్రుల్లో మంచాలకంటే పనిచేసే మనుషులు ఎక్కువైపోయారని ఒకాయన అరుస్తాడు. మనుషులు లేని మంచం ఎవర్ని బాగుచేస్తుందని ఇంకొకాయన ఎగురుతాడు. వైద్యం కార్డును ఉద్యోగం నుంచి విడదీసి, పని ఉన్నా లేకపోయినా అందరికీ ఇవ్వాలని ఒక బిల్లు కూడా చర్చకు వచ్చింది. అలా ఇస్తే ఇక పనికెవరు వస్తారని కొందరు, కార్డు పోతుందన్న భయంతో చేసేది ఏం పనని కొందరు. మొగుడుగారు ఎవరు గట్టిగా అరిస్తే వారి పక్షం. ఒక్క సాయంత్రంలో రెండు మూడు పార్టీలు మారేవాడు.

వీటన్నిటి మధ్యా ఒక మాట మాటిమాటికీ వినబడేది. ఉత్పాదకత. ఎందుకమ్మ చెవిలో అది జోరీగలా దూరింది.

"ఉత్పాదకత అంటే ఏమిటండీ?"

"అంటే... పెరగాలన్నమాట."

"ఏది పెరగాలి?"

"అదే, ఉత్పాదకత."

"ఎందుకు పెరగాలి?"

"నన్ను ప్రశాంతంగా అన్నం తిననివ్వవే తల్లీ" అని ఆయన కంచం తీసుకుని అవతలి గదిలోకి పోయాడు.

అడగాల్సిన మనిషి తనంతట తానే లాండ్రీకి నడిచొచ్చింది. ఇక మీదట ఆసుపత్రులకు డబ్బు ఇచ్చే పద్ధతి మారుతుందట, ప్రతి విభాగంలోనూ పని ఎలా జరుగుతోందో కొలవాలట. కొలవడానికి చదువుకున్న అమ్మాయి ఒకతె వచ్చింది. మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని, పని చేస్తున్నవాళ్ల వెనక నిలబడి ఊరికే చూస్తుంది, మధ్యమధ్య మీట నొక్కుతుంది. గడియారం పిల్ల అని పేరు పెట్టేశారు. ఆ పిల్ల కనబడితే చాలు, అందరూ మూతులు ముడుచుకునేవారు. ఒకడైతే పీపా వెనక్కి చల్లగా జారుకునేవాడు. ఎందుకమ్మ ఎదురెళ్లింది.

"అమ్మాయ్, అది నొక్కితే ఏమవుతుంది?"

ఆ పిల్ల ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత వాచీ తీసి చేతిలో పెట్టింది. వచ్చినప్పటినుంచీ ఒక్కరంటే ఒక్కరు తనతో మాట్లాడలేదు పాపం.

అంతే, ఇద్దరికీ పొత్తు కుదిరింది. టీ తాగే వేళ పక్కపక్కనే కూర్చునేవారు. ఉత్పాదకత అంటే ఏమిటో ఎట్టకేలకు తేలింది. అదే మనిషి, అదే రోజు, తక్కువ కష్టంతో ఎక్కువ పని జరిగితే అదీ. ఓస్ ఇంతేనా అనిపించింది ఎందుకమ్మకు. ఆ వెంటనే ఇంకోటి తోచింది.

"మరి ఆ మిగిలిపోయిన కష్టం ఎక్కడికి పోతుంది?"

"ఇంకో పనికి వెళ్తుంది ఆంటీ."

"దానంతటదే వెళ్తుందా, ఎవరైనా తీసుకెళ్తారా?"

గడియారం పిల్ల పకపకా నవ్వింది. "ఆ పాఠం చెప్పిన రోజు నేను సెలవు పెట్టినట్టున్నాను" అంది. నవ్వాక కాస్త ఆలోచనలో కూడా పడింది.

వాచీ చేతికొచ్చాక ఎందుకమ్మకు లోకమే మారిపోయింది. ఏది చూసినా ఇది ఇలా ఎందుకు జరగాలి, అలా జరగకూడదా అనే. ఇంట్లో పొయ్యికీ నీళ్ల బిందెకీ మధ్య ఎన్నిసార్లు తిరుగుతోందో గమనించి బిందె చోటు మార్చింది. మొగుడి కొట్టుకు వెళ్లి పానాలన్నీ పరిమాణం ప్రకారం గోడకు వేలాడదీసింది. ఆయన రెండ్రోజులు తిట్టాడు, మూడోరోజు పానా వెతుక్కోకుండా చేతికి దొరికింది, తిట్టడం మానేశాడు. సరిగ్గా ఆ గోడకు వేలాడే పానాలను చూస్తుంటేనే ఆవిడకు మెరుపులాంటి ఊహ వచ్చింది.

మర్నాడు పరుగెత్తుకుంటూ గడియారం పిల్ల దగ్గరికి వెళ్లింది.

"అమ్మాయ్! దుప్పటి మడతపెట్టేటప్పుడు అటువైపు మూలలు ఊరికే పట్టుకునుంటే చాలు కదా. నడవక్కర్లేదు, వంగక్కర్లేదు. గోడకు రెండు కొక్కేలు కొట్టి, వాటికి గట్టి క్లిప్పులు పెడితే? గోడే పట్టుకుంటుంది కదా!"

ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. మేకులకు క్లిప్పులు కట్టి అప్పటికప్పుడే చేసి చూశారు. మూలలు తగిలించి, ఎందుకమ్మ ఇటునుంచి బిగలాగి, మడిచి, గోడదాకా నడిచి అందుకుంది. దుప్పటి చక్కగా మడతపడింది. ఆ పిల్ల మీట నొక్కి చూసి, "ఆంటీ, మీరు అద్భుతం!" అని చప్పట్లు కొట్టింది. సూపర్‌వైజర్ వచ్చి చూసి భుజం తట్టాడు. పైవాళ్లకు పంపే నివేదికలో లాండ్రీ ఉద్యోగినే స్వయంగా కనిపెట్టిందని రాస్తామన్నారు. అంతసేపూ అక్క బల్ల పక్కన నిలబడే ఉంది. ఎందుకమ్మ అది గమనించనే లేదు. ఏంచేస్తాం, కొత్త ఊహ పుట్టిన మనిషికి పక్కవాళ్లు కనబడరు.

ఇంటికొచ్చి మొగుడికి ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. ఆయన కూడా పొంగిపోయి, "మా ఆవిడ ఉత్పాదకత పెంచింది" అని వీధిలో చెప్పుకొచ్చాడు. అదే ఇంట్లో ఉండే అక్క తన గదిలో తలుపు వేసుకుని పడుకుంది. తలనొప్పేమో అనుకున్నారు.

కొక్కేలు కొట్టడానికి ఫిట్టర్ వచ్చిన రోజున గానీ ఎందుకమ్మకు కళ్లు తెరుచుకోలేదు. డ్రిల్లింగ్ మిషన్ గోడకు పెట్టబోతూ ఫిట్టర్ వెనక్కి తిరిగి అక్కతో, "కాస్త జరుగుతావా అమ్మా, అడ్డంగా ఉన్నావు" అన్నాడు. అక్క జరిగింది. ఇన్నేళ్లుగా తను నిలబడే చోటది. జరిగాక ఎక్కడ నిలబడాలో తెలియక, ఖాళీ తోపుడు బండి పక్కకు వెళ్లి దాని అంచు పట్టుకుని నిలబడింది. గోడలోంచి తెల్లటి పొడి రాలుతోంది.

ఎందుకమ్మ చేతిలో దుప్పటి నేలజారింది.

మధ్యాహ్నానికల్లా సూపర్‌వైజర్ కబురు మోసుకొచ్చాడు. వచ్చేనెల నుంచి పెద్ద దుప్పట్ల బల్లకు ఒక్కరే. ఎందుకమ్మ ఉంటుంది. లాండ్రీలో వేరే ఖాళీ ఏదీ లేదు. రెండోమనిషికి ఇష్టమైతే వార్డులు తుడిచే కాంట్రాక్టు పని ఇప్పిస్తారు. ఆ పనికి కార్డు ఉండదు. అయినా బక్కెట్లు మొయ్యడానికీ, తడిగుడ్డ పిండడానికీ రెండు చేతులూ కావాలి. అంటే అక్కకు అదీ లేనట్టే.

"సార్, ఆ కొక్కేలు పీకించేయండి" అంది ఎందుకమ్మ.

"ఎందుకు? బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయిగా."

ఎందుకో చెప్పాలంటే అక్క చెయ్యి సంగతి చెప్పాలి. చెప్తే ఈ నెల కూడా ఉంచరేమో. సూపర్‌వైజర్ ఒక్క నిమిషం ఆగి చూసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వంటింట్లో అక్క కాళ్లు పట్టుకున్నంత పనిచేసింది. "అక్కా, నాకు తోచలేదక్కా. ఒట్టు. ఆ గోడే కనబడింది గానీ నువ్వు కనబడలేదు."

"తెలుసులేవే" అంది అక్క. కోప్పడి ఉంటే బాగుండును. "కావాలని చేశావని నేనన్నానా? నీ బుర్ర అంతే, ఒకటి పట్టుకుంటే రెండోది వదిలేస్తుంది. పో, పోయి పడుకో."

"బిల్లు వస్తుందటక్కా. అందరికీ కార్డు ఇస్తారట."

"నా మాత్రలు ఈ నెలకే ఉన్నాయి. బిల్లుకు చెప్పు తొందరగా రమ్మని."

ఆనాటినుంచి ఎందుకమ్మ టీవీ ముందునుంచి కదల్లేదు. అంతకుముందు వినోదంగా విన్న గొడవే ఇప్పుడు ఊపిరి బిగబట్టి విన్నది. కార్డు విడదీయాలన్నవాడి మాటా వింటే సబబుగానే ఉంది, ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారన్నవాడి మాటా సబబుగానే ఉంది. ఒక పెద్దమనిషి, యంత్రం వచ్చిన ప్రతిచోటా చివరికి కొత్త పనులు పుట్టాయని చరిత్రంతా తిరగేసి చెప్పాడు. "చివరికి అంటే ఎప్పటికండీ?" అని ఎందుకమ్మ టీవీనే అడిగింది. టీవీలో ఆయన ఇంకో ఉదాహరణలోకి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే బిల్లును ఇంకా పరిశీలించాలని కమిటీకి పంపేశారు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ఎవరూ చెప్పలేదు.

ఇక టీవీని నమ్ముకుంటే లాభం లేదని తేలిపోయింది. భోజనాల విరామంలో అందరూ క్యాంటీన్‌కు వెళ్లాక, ఎందుకమ్మ ఒక్కతే బల్ల దగ్గరికి వెళ్లి, తన కుడిచేతిని నడుముకు తువ్వాలుతో కట్టేసుకుంది. ఒంటిచేత్తో దుప్పటి మడవాలి. అక్క చేత కాదని అక్కా అనుకుంటోంది, తనూ అనుకుంది. కానీ చూసిందెవరు?

మొదటిసారి దుప్పటి నేలమీద ఈడ్చుకుపోయింది. రెండోసారి కొక్కెం అందలేదు, చెయ్యి పైకెత్తితే ఒళ్లంతా ఒరిగిపోతోంది. కొక్కేలు ఛాతీ ఎత్తుకు దించాలన్నమాట. మూలలు ఇటువైపు జారిపోతున్నాయి, అంటే బల్ల అంచుకు కూడా క్లిప్పులు కావాలి. అటు గోడా ఇటు బల్లా పట్టుకుంటే, మనిషి పట్టుకోవాల్సిన పనే లేదు. పడుతూ లేస్తూ, తనలో తాను తిట్టుకుంటూ ప్రయత్నిస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి దుప్పటిలో తానే చుట్టుకుపోయి పడినంత పనైంది. ఎవరైనా చూస్తే పిచ్చిపట్టిందనుకునేవారు.

ఒకరు చూశారు కూడా. తలుపు దగ్గర గడియారం పిల్ల నిలబడి ఉంది.

"ఆంటీ, చెయ్యి ఎందుకు కట్టుకున్నారు?"

ఎందుకమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులోనే సంగతంతా చెప్పేసింది. ఆ పిల్ల, నివేదిక పంపేశానని, వెనక్కి తీసుకోలేనని అంది. తర్వాత స్టాప్‌వాచ్ మెడలోంచి తీసి జేబులో పడేసి, చేతులు పైకి మడుచుకుని, "క్లిప్పులు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగింది.

ఆ తర్వాత కొన్ని రోజులపాటు భోజనాల విరామంలో వాళ్లిద్దరికీ తిండి లేదు. ఫిట్టర్‌ను బతిమాలి కొక్కేలు దింపించారు. అన్నీ కుదిరాక అక్కను పిలిచారు. అక్క ఒంటికాలి మీద లేచింది.

"నా చెయ్యి చచ్చుబడిందని ఊరంతా చాటింపు వేయిస్తున్నావా? ఉన్న పరువు కూడా తీసి గోడకు తగిలించు!"

"తిట్టక్కా, ఎంతైనా తిట్టు. తిట్టుకుంటూ ఒక్క దుప్పటి మడువు."

అక్క తిట్టుకుంటూనే మడిచింది. గోడకు రెండు మూలలు, బల్లకు రెండు మూలలు. ఎడమచేత్తో లాగి, కుడి ముంజేత్తో అదిమి, ఒక్కో క్లిప్పే వదులుతూ వచ్చింది. మొదటిది వంకరగా వచ్చింది. రెండోది మేలు. కాసేపటికి తిట్లు ఆగిపోయాయి. అంచుకు అంచు కలిసేలా ఎన్నో ఏళ్లు చూసిన కళ్లు కదా, మడత గీత గీసినట్టు వచ్చింది. అక్క దాన్ని చేత్తో నిమిరి, ఇంకోటి తీసుకుంది. ఎవరూ ఇవ్వకుండానే.

గడియారం పిల్ల ఇటు చూడడం మానేసి, రోలరు వైపు చూస్తోంది. "ఆంటీ, ఈవిడ మీకంటే నెమ్మదే" అంది. ఎందుకమ్మ ఉసూరుమంది. "కానీ రోలరు ఈవిడకంటే నెమ్మది. అది ఇచ్చేదానికంటే వేగంగా మడిచి ఏం చేస్తారు? ఖాళీగా నిలబడాలి. నేనిది ముందే చూడాల్సింది."

ముగ్గురూ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లారు. ఆ పిల్ల లెక్కలు చెప్పింది. ఆయన అక్క చేతి వైపు చూడకుండా, "చెయ్యి సంగతి నాకు తెలియదనుకున్నారా? గుడ్డివాణ్ణా నేను?" అన్నాడు. "అడిగితే రాసి పంపాలి. అందుకే అడగలేదు." పెన్ను మూత తీశాడు. "సరే. ఈవిడ చేయగలదని ఒప్పుకుంటాను. కానీ బల్లకు ఒక్కరే. ఇద్దర్ని ఉంచలేను. అది నా చేతుల్లో లేదు."

ఎందుకమ్మకు ఆ మాట కొత్త కాదు. తువ్వాలుతో చెయ్యి కట్టుకున్న మొదటి రోజే తెలుసు.

"అక్క పేరు రాయండి సార్. నేను వార్డులు తుడుస్తాను."

"ఏమే, నీకు మతి పోయిందా!" అని అక్క అరిచింది. "సార్, రాయకండి. దీని మాట వినకండి."

"రాయండి సార్. మాత్రలు తనకు. నాకేం మాత్రలు లేవు."

గడియారం పిల్ల, పై ఆఫీసులో ఇంకొకసారి అడిగి చూస్తానంది. అడిగింది కూడా, పాపం. వాళ్లు మర్యాదగా విని, మంచి ప్రశ్న అన్నారట.

ఆ సాయంత్రం మొగుడికి చెప్పాల్సి వచ్చింది. ఆయన టీవీ కట్టేశాడు. అది మామూలుగా జరిగే పని కాదు.

"కార్డు నీ ఒక్కదానిదా? నాది కాదా? నన్నొక్క మాట అడగొద్దా?"

"అడిగితే ఏమనేవారు?"

"వద్దనేవాణ్ణి." అవతలి గదిలో వదిన దగ్గు వినబడింది. "వద్దని చెప్పి, రేపటినుంచి ఆవిడ ముఖం చూడలేక చచ్చేవాణ్ణి. నువ్వు అడక్కపోవడమే మంచిదైందిలే. నా షుగరు సంగతి నేను చూసుకుంటాను. టీలో పంచదార మానేస్తే సరి."

"ఎప్పట్నుంచి?"

"రేపట్నుంచి" అన్నాడాయన. ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ అది ఎక్కువసేపు నిలబడలేదు.

నెల మారింది. ఆ ఉదయం ఎప్పట్లాగే తోడికోడళ్లిద్దరూ కలిసే వెళ్లారు. ఆసుపత్రి వెనక గుమ్మం దాటగానే మెట్లు. కిందికి వెళ్తే లాండ్రీ, పైకి వెళ్తే వార్డులు. కాంట్రాక్టువాళ్లిచ్చిన కొత్త ఏప్రన్ ఎందుకమ్మకు పొడుగైంది. అక్క వంగి, ఎడమచేత్తో దాని నాడా సరిచేసింది. బల్లకు తన పేరు రాసిన రోజు నుంచీ ఆమె చెల్లెలితో మంచిమాట ఒక్కటి ఆడలేదు. ఇప్పుడూ ఆడలేదు.

"నీకేదైనా జబ్బు చేస్తే?" అని అడిగింది.

"నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను."

"నేనూ అలాగే అనేదాన్ని" అంది అక్క. "ఇది తగలడానికి ముందురోజు దాకా."

కింద రోలరు వేడెక్కుతున్న చప్పుడు మొదలైంది. అక్క కదల్లేదు. "పోక్కా, దుప్పట్లు పేరుకుపోతాయి" అని చెల్లెలే ఆమె భుజం పట్టి కిందికి తిప్పి, తన బక్కెట్టు తీసుకుని పైకి ఎక్కింది.